యూజ్‌నెట్‌లో ఒక్క ఫైలు వేల ముక్కలుగా ఎందుకుంటుంది: కొత్తగా డౌన్‌లోడ్ మొదలుపెట్టేవాళ్లకి

యూజ్‌నెట్ (సర్వర్లు ఒకదానికొకటి సందేశాలు ఇచ్చిపుచ్చుకునే పాత చర్చల వ్యవస్థ) నుంచి ఫైళ్లు ఎలా దించుకోవాలి అని ఎవరైనా అడిగితే వచ్చే జవాబు మూడు మాటల్లో అయిపోతుంది. ఒక ప్రొవైడర్ (యూజ్‌నెట్ సర్వర్‌ని అందించే కంపెనీ) దగ్గర అకౌంట్ తీసుకోండి, ఒక ఇండెక్స్ సైట్‌లో ఎన్‌జెడ్‌బీ ఫైలు వెతకండి, దాన్ని డౌన్‌లోడర్‌లో పడేయండి. ఇందులో తప్పేమీ లేదు, చాలాసార్లు ఇంతే సరిపోతుంది కూడా. కానీ మొదటిసారి ఏదో ఒకటి మధ్యలో ఆగిపోయి "ఆర్టికల్స్ మిస్సింగ్" అనో "రిపేర్ ఫెయిల్డ్" అనో ఎర్ర అక్షరాలు కనపడినప్పుడు ఈ జవాబు ఎందుకూ పనికిరాదు. ఆర్టికల్ ఏంటి, రిపేర్ ఏంటి, అడిగింది ఒక ఫైలే కదా అనిపిస్తుంది.

సమస్యకి మూలం ఒక్కటే. యూజ్‌నెట్‌ని ఫైళ్ల కోసం కట్టలేదు. మనుషులు టెక్స్ట్‌లో రాసుకునే చర్చల కోసం కట్టారు. దాని మీద ఫైళ్లు పంపడం తర్వాత ఎవరికో తట్టిన ఆలోచన, ఆ ఆలోచన పనిచేయడానికి ఒకదాని మీద ఒకటి అతుకులు వేసుకుంటూ వచ్చారు. ఈరోజు కొత్తవాళ్లని కంగారుపెట్టే ప్రతి పేరు, వై-ఎంక్, రార్, పార్2, ఎన్‌జెడ్‌బీ, వీటిలో ఒక్కొక్కటీ ఒక్కో అతుకు. ఏ అతుకు ఏ చిరుగుకి వేశారో తెలిస్తే ఎర్ర అక్షరాలు చూసి టెన్షన్ పడాల్సిన పని ఉండదు.

ముందు చర్చలు, తర్వాత ఫైళ్లు

1979లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్‌లకి ఈ ఆలోచన వచ్చింది. పక్కనే ఉన్న నార్త్ కరోలినా యూనివర్సిటీలో చదువుతున్న స్టీవ్ బెలోవిన్ మొదటి వెర్షన్‌ని షెల్ స్క్రిప్ట్‌గా రాశాడు. యూనిక్స్ కంప్యూటర్లు ఒకదానికొకటి మోడెమ్‌తో ఫోన్ చేసి, యూయూసీపీ అనే పద్ధతిలో కొత్త సందేశాలు ఇచ్చిపుచ్చుకునేవి. తర్వాత ఇంటర్నెట్ మీద అదే పని చేయడానికి 1986లో ఎన్ఎన్‌టీపీ ప్రోటోకాల్ వచ్చింది. ఇప్పుడు మీ డౌన్‌లోడర్ సర్వర్‌తో మాట్లాడేది కూడా ఈ ప్రోటోకాల్‌లోనే.

ఇందులో కేంద్ర సర్వర్ అంటూ ఏదీ లేదు. ఒకళ్లు ఒక సర్వర్‌లో ఒక సందేశం పెడితే, ఆ సర్వర్ దాన్ని తనకి తెలిసిన సర్వర్లకి ఇస్తుంది, అవి వాటికి తెలిసిన సర్వర్లకి ఇస్తాయి, అలా కొద్దిసేపట్లో ప్రతి సర్వర్‌లో ఒక కాపీ చేరుతుంది. ఈ సందేశాన్నే ఆర్టికల్ అంటారు. ప్రతి ఆర్టికల్‌కీ ప్రపంచంలో ఇంకే ఆర్టికల్‌కీ లేని ఒక మెసేజ్ ఐడీ ఉంటుంది. ఒక సర్వర్ ఇంకో సర్వర్‌కి ఆర్టికల్ ఇవ్వబోయే ముందు "ఈ ఐడీ మీ దగ్గర ఉందా" అని అడుగుతుంది, ఉంటే వదిలేస్తుంది. ఈ మెసేజ్ ఐడీని గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ అవసరమవుతుంది.

ఆర్టికల్స్‌ని విషయాలవారీగా విడదీసేవే న్యూస్‌గ్రూపులు. పేరులోని మొదటి మాట పెద్ద విభాగాన్ని చెప్తుంది, కుడివైపుకి వెళ్లేకొద్దీ విషయం చిన్నదవుతుంది. కంప్యూటర్ల సంగతులకి "కాంప్", సైన్స్‌కి "సై", సరదాలకి "రెక్", ఇలా. ఒకప్పుడు ఇవి ఎంత ముఖ్యమైనవంటే, లైనస్ టోర్వాల్డ్స్ తను రాస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ (లైనక్స్) గురించి 1991 ఆగస్టులో మొదట చెప్పింది కాంప్.ఓఎస్.మినిక్స్ గ్రూపులోనే. ఈ పెద్ద విభాగాల్లో కొత్త గ్రూపు పెట్టాలంటే చర్చ, ఓటింగ్ అంటూ పెద్ద తతంగం ఉండేది. అది నచ్చనివాళ్లు 1987లో "ఆల్ట్" అనే విభాగం మొదలుపెట్టారు, అక్కడ ఎవరైనా గ్రూపు పెట్టొచ్చు. ఫైళ్లు చేరింది అక్కడే. ఆల్ట్.బైనరీస్ అని మొదలయ్యే గ్రూపులన్నీ ఫైళ్ల కోసం ఉన్నవే.

టెక్స్ట్ గ్రూపులు ఇప్పటికీ ఉన్నాయి, వాటికి డబ్బు కట్టక్కర్లేదు. ఎటర్నల్ సెప్టెంబర్ లాంటి ఉచిత సర్వర్‌లో రిజిస్టర్ చేసుకుని థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో చదువుకోవచ్చు. గూగుల్ గ్రూప్స్ ద్వారా చదివే దారి మాత్రం 2024 ఫిబ్రవరి 22న మూతపడింది, అక్కడ పాత పోస్టులు చూడొచ్చు తప్ప కొత్తవి రావు. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే: ఉచిత టెక్స్ట్ సర్వర్‌లో అకౌంట్ తీసుకుని దాన్ని డౌన్‌లోడర్‌లో పెట్టి, ఒక్క ఫైలూ రావట్లేదేంటని గంటలు గంటలు సెట్టింగులు మారుస్తుంటారు. ఆ సర్వర్లు బైనరీ గ్రూపులని అసలు తీసుకోవు.

టెక్స్ట్ దారిలో ఫైలు పోవాలంటే

పాత సర్వర్లు మామూలు ఇంగ్లీషు అక్షరాలనీ అంకెలనీ మాత్రమే భద్రంగా మోసేవి. ఒక ఫొటో లోనో ప్రోగ్రామ్ లోనో ఉండే బైట్‌లని అలాగే పంపితే మధ్యలో ఏ సర్వరో వాటిని పాడుచేసేది. అందుకని ఫైలుని ముందు అక్షరాలుగా మార్చి, అవతల మళ్లీ ఫైలుగా మార్చుకోవడం మొదలుపెట్టారు. చాలాకాలం దీనికి యూయూఎన్‌కోడ్ వాడారు. అది 3 బైట్‌లని 4 అక్షరాలుగా రాస్తుంది, అంటే ఫైలు సైజు మూడో వంతుకి పైగా పెరిగిపోతుంది. ఫోన్ లైన్ మీద నెట్ వాడే రోజుల్లో ఇది చిన్న దండగ కాదు.

2001లో యూర్గెన్ హెల్బింగ్ అనే ఆయన దీనికి బదులు వై-ఎంక్ అనే పద్ధతి తెచ్చాడు. ఆయన పట్టుకున్న విషయం సింపుల్‌గా ఉంటుంది: అప్పటికే చాలా సర్వర్లు దాదాపు అన్ని బైట్‌లనీ మోసేస్తున్నాయి, ఇబ్బంది పెట్టేవి నాలుగే నాలుగు. కాబట్టి ప్రతి బైట్‌కీ 42 కలిపేసి, ఆ నాలుగూ వచ్చినచోట మాత్రం ఒక గుర్తు పెట్టి మార్చితే చాలు. పెరిగే సైజు 1 నుంచి 2 శాతం. దీన్ని అప్పట్లో తిట్టినవాళ్లూ ఉన్నారు, పద్ధతిగా ప్రమాణం రాయకుండా జనంలోకి వదిలేశాడని. ఆ విమర్శలో నిజం లేకపోలేదు గానీ ఇంత లాభం కళ్లముందుంటే ప్రమాణం కోసం ఎవరాగుతారు? ఈరోజు బైనరీ పోస్టు అంటే దాదాపు అంతా వై-ఎంకే.

రెండో చిరుగు సైజు. ఒక ఆర్టికల్ ఎంత పెద్దదైనా ఉండొచ్చని సర్వర్లు ఒప్పుకోవు. ఇప్పటి పోస్టుల్లో ఒక్కో ఆర్టికల్ సాధారణంగా 700 కిలోబైట్‌ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే 1 జీబీ ఫైలు పంపాలంటే దాన్ని సుమారు 1,400 ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ ఒక్కో ఆర్టికల్‌గా పోస్టు చేయాలి. సర్వర్ దృష్టిలో ఇవి 1,400 వేర్వేరు సందేశాలు, అంతే. ఇవన్నీ కలిపితే ఒక ఫైలు అవుతుందన్న సంగతి దానికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. సబ్జెక్ట్ లైన్‌లో "[03/18]" అనీ చివర "(1/72)" అనీ కనిపిస్తుంటే మొదటిది మొత్తం 18 ఫైళ్లలో ఇది మూడోదని, రెండోది ఆ ఫైలుకి ఉన్న 72 ముక్కల్లో ఇది మొదటిదని చెప్తున్నాయి. ఈ రెండిటినీ కలిపేసుకుని అయోమయపడేవాళ్లు చాలామంది.

ఒక్క ముక్క పోతే

అసలు తలనొప్పి ఇక్కడుంది. ప్రతి ఆర్టికల్ సర్వర్ నుంచి సర్వర్‌కి విడిగా ప్రయాణిస్తుంది. 1,400లో 1,399 వచ్చి ఒకటి దారిలో పోయిందనుకోండి, మిగతావన్నీ ఉన్నా ఫైలు తెరుచుకోదు. టెక్స్ట్ చర్చలో ఒక సందేశం రాకపోతే ఎవరికీ పెద్దగా తేడా పడదు కాబట్టి యూజ్‌నెట్‌ని కట్టినవాళ్లు ప్రతి ముక్కా చేరి తీరుతుందని హామీ ఇచ్చే ఏర్పాటేదీ పెట్టలేదు. ఫైళ్లకి ఆ హామీ తప్పనిసరి.

మొదట్లో గ్రూపుల నిండా "37వ ముక్క రాలేదు, మళ్లీ పోస్టు చేయండి ప్లీజ్" అనే అభ్యర్థనలే ఉండేవి. దీనికి వేసిన మొదటి అతుకు రార్ వాల్యూములు (రార్ అంటే జిప్ లాగా ఫైళ్లని మూటకట్టే ఫార్మాట్). పెద్ద ఫైలుని సమాన సైజులో పది ఇరవై రార్ ఫైళ్లుగా కోసి పోస్టు చేస్తే, ఏదైనా పోయినప్పుడు ఆ ఒక్క రార్‌నే మళ్లీ పోస్టు చేస్తే సరిపోతుంది. "పార్ట్01", "పార్ట్02" అని కనిపించేవి అవే. ఇప్పుడు దీని అవసరం నిజానికి చాలావరకు తీరిపోయింది, అయినా అలవాటు కొద్దీ జనం ఇంకా రార్‌లుగానే పోస్టు చేస్తున్నారు.

రెండో అతుకు పార్, ఇప్పుడు వాడేది దాని రెండో వెర్షన్ పార్2. యూజ్‌నెట్ మీద పుట్టినవాటిలో తెలివైనది ఏదని అడిగితే దీన్నే చెప్పాలి. ఒక చిన్న లెక్కతో చూద్దాం. మీకు పంపాల్సిన అంకెలు 7, 5. వాటితో పాటు వాటి మొత్తం 12 కూడా పంపారు. దారిలో 5 పోయిందనుకోండి, 12 లోంచి 7 తీసేస్తే అది దొరికిపోతుంది. 7 పోయినా అంతే. అంటే పంపిన అదనపు అంకె ఒకటే, అది ఏది పోతే దానికి బదులవుతుంది. ఇలాంటి అదనపు సమీకరణాలు ఎన్నైనా తయారుచేసే గణితాన్ని 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ ప్రచురించారు. సీడీ మీద గీతలు పడ్డా పాట ఆగకుండా వినిపించడం వెనకున్నదీ అదే గణితం.

పార్2 దాన్నే ఫైళ్లకి వాడుతుంది. పోస్టు చేసేవాళ్లు మొత్తం డేటాని సమానమైన బ్లాకులుగా లెక్కేసి, దానికి అదనంగా, మామూలుగా 10 శాతం అటూఇటూగా, రికవరీ బ్లాకులు తయారుచేసి కలిపి పోస్టు చేస్తారు. మీ దగ్గర ఎన్ని బ్లాకులు పోయాయో అన్ని రికవరీ బ్లాకులుంటే చాలు, ఏవి పోయాయన్నదానితో సంబంధం లేదు. 20 బ్లాకులు పోయి 20 రికవరీ బ్లాకులుంటే ఫైలు ఒక్క బైట్ తేడా లేకుండా తిరిగొస్తుంది. 19 ఉంటే ఏమీ రాదు. దగ్గరదగ్గరగా వచ్చింది కదా ఏదో కొంత పనిచేస్తుందేమో అనే ఆశ ఇక్కడ పెట్టుకోకూడదు.

పార్2 ఫైళ్ల పేర్లు వింతగా ఉంటాయి: "వాల్00+01", "వాల్01+02", "వాల్03+04", "వాల్07+08". ప్లస్ గుర్తు తర్వాతున్న అంకె ఆ ఫైలులో ఎన్ని రికవరీ బ్లాకులున్నాయో చెప్తుంది, ముందున్నది ఏ నంబరు బ్లాకు నుంచి మొదలవుతుందో చెప్తుంది. ఇలా రెట్టింపు చేసుకుంటూ పోవడానికి కారణం పొదుపు. మీకు 5 బ్లాకులు తక్కువైతే 4దీ 1దీ దించుకుంటే సరిపోతుంది, అన్నీ అక్కర్లేదు. వీటితో పాటు "వాల్" లేని చిన్న పార్2 ఒకటుంటుంది, అందులో రికవరీ బ్లాకులేమీ ఉండవు, ఫైళ్ల పేర్లూ చెక్‌సమ్‌లూ (ఫైలు పాడవలేదని పోల్చి చూసుకునే అంకెలు) ఉంటాయి. మంచి డౌన్‌లోడర్ ముందు ఆ చిన్నదాన్నే తెచ్చి, ఫైళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, లోటుంటేనే మిగతావాటి జోలికి వెళ్తుంది.

ఎన్‌జెడ్‌బీ, వెతుకులాట

పాత పద్ధతిలో ఫైలు కావాలంటే ముందు ఆ గ్రూపులోని హెడర్లన్నీ, అంటే ప్రతి ఆర్టికల్ సబ్జెక్టూ, పంపినవాళ్ల పేరూ, ఐడీ దించుకోవాలి. న్యూస్‌రీడర్ అనే ప్రోగ్రామ్ వాటిని కలిపి ఇవి ఈ ఫైలు ముక్కలు అని చూపించేది. చిన్న గ్రూపులో ఇప్పటికీ ఇది పనిచేస్తుంది. కానీ పెద్ద బైనరీ గ్రూపుల్లో ఆర్టికల్ నంబర్లు వందల కోట్లకి చేరిపోయాయి. 2006లో సవరించిన ఎన్ఎన్‌టీపీ ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠ నంబరే 2,147,483,647. అలాంటి గ్రూపులో హెడర్లు దించుకోవడం మొదలుపెడితే అది ఎప్పటికయ్యేను? పాత గైడుల్లో "హెడర్లు డౌన్‌లోడ్ చేయండి" అని చదివితే ఆ పేజీ మూసేయడం మంచిది.

ఎన్‌జెడ్‌బీ ఈ అవస్థని తప్పించింది. దీన్ని తెచ్చినవాళ్లు న్యూజ్‌బిన్ అనే సైట్. ఎన్‌జెడ్‌బీ అంటే ఒక చిన్న ఎక్స్ఎంఎల్ ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, ఒకసారి చూస్తే అపోహలన్నీ పోతాయి. ఫలానా ఫైలు, అది ఏ తేదీన ఏ గ్రూపుల్లో పోస్టయింది, దానికి ఎన్ని ముక్కలు, ఒక్కో ముక్క సైజెంత, దాని మెసేజ్ ఐడీ ఏమిటి, ఇంతే ఉంటుంది. పైన గుర్తుపెట్టుకోమన్న మెసేజ్ ఐడీ ఇదే. డౌన్‌లోడర్ ఒక్కో ఐడీని సర్వర్‌కి చూపించి ఆర్టికల్ ఇమ్మంటుంది. ఐడీలు అన్ని సర్వర్లలో ఒకటే కాబట్టి, ఎక్కడ తెచ్చుకున్న ఎన్‌జెడ్‌బీ అయినా మీరు ఏ ప్రొవైడర్ దగ్గరున్నా పనికొస్తుంది. ఎన్‌జెడ్‌బీలో అసలు ఫైలు ఒక్క బైట్ కూడా ఉండదు.

మరి ఎన్‌జెడ్‌బీ ఎక్కడ దొరుకుతుంది అంటే, రెండు రకాల చోట్ల. మొదటిరకం సైట్లు, బిన్‌సెర్చ్, ఎన్‌జెడ్‌బీఇండెక్స్ లాంటివి, గ్రూపుల హెడర్లని వాటంతటవే చదివి సబ్జెక్ట్ లైన్లలో వెతకనిస్తాయి. లాగిన్ అక్కర్లేదు. కానీ చాలా పోస్టుల సబ్జెక్ట్ లైన్లు ఇప్పుడు అర్థంలేని అక్షరాల వరుసలుగా ఉంటున్నాయి, హక్కుదారుల ప్రోగ్రాములు పేరు చూసి తీసేయించకుండా. అలాంటి పోస్టుని పేరుతో వెతికితే దొరకదు. రెండోరకం ఇండెక్సర్లు: సభ్యత్వం ఉంటుంది, కొన్నిచోట్ల ఆహ్వానం ఉంటేనే రానిస్తారు, ఏ అర్థంలేని పేరు వెనక ఏ ఫైలుందో వాళ్ల డేటాబేస్‌కి తెలుసు, పాడైన పోస్టుల మీద సభ్యుల వ్యాఖ్యలుంటాయి.

చట్టం సంగతి ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే గందరగోళం ఎక్కువగా ఉన్నదిక్కడే. యూజ్‌నెట్ వాడటం, ప్రొవైడర్‌కి డబ్బు కట్టడం, ఎన్‌జెడ్‌బీ అనే ఫార్మాట్, వీటిలో దేనిలోనూ తప్పు లేదు. కానీ బైనరీ గ్రూపుల్లో ఉన్నదాంట్లో చాలాభాగం కాపీరైట్ ఉన్న సరుకేనన్నది అందరికీ తెలిసిన విషయం. నెట్‌లో "లైనక్స్ ఐఎస్ఓలు దించుకుంటున్నా" అని ఎవరైనా కన్నుగీటుతూ అన్నారంటే వాళ్లు దించుతున్నది లైనక్స్ కాదని అర్థం. "మేం ఫైళ్లు పెట్టలేదు, ఎక్కడున్నాయో చూపించామంతే" అనే వాదనని కోర్టులు ఒప్పుకోలేదు. 2010లో బ్రిటన్ హైకోర్టులో న్యూజ్‌బిన్ ఓడిపోయింది, దాని వారసుడిగా వచ్చిన న్యూజ్‌బిన్2ని బ్లాక్ చేయమని 2011లో బీటీ అనే బ్రిటన్ నెట్ కంపెనీని ఆదేశించారు. దించుకునేవాళ్ల విషయానికొస్తే, ఏ దేశంలో ఉంటే ఆ దేశపు కాపీరైట్ చట్టమే వర్తిస్తుంది, యూజ్‌నెట్ అయినంత మాత్రాన మినహాయింపేమీ ఉండదు.

ప్రొవైడర్‌ని ఎంచుకోవడం

ఒకప్పుడు నెట్ కనెక్షన్‌తో పాటు యూజ్‌నెట్ సర్వర్ ఉచితంగా వచ్చేది. 2008లో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఆండ్రూ క్యూమో ఒత్తిడి తెచ్చాక అమెరికాలో వెరైజన్, టైమ్ వార్నర్ కేబుల్, స్ప్రింట్ లాంటి కంపెనీలు కొన్ని గ్రూపులనో, అన్నిటినీనో ఆపేశాయి. మిగతావాళ్లూ మెల్లగా ఖర్చు దండగని వదిలేశారు. అన్నీ మొదలైన డ్యూక్ యూనివర్సిటీ కూడా 2010లో తన సర్వర్‌ని ఆపేసింది. కాబట్టి బైనరీలకి ఇప్పుడు డబ్బు కట్టే అకౌంట్ తప్పదు.

ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది రిటెన్షన్, అంటే ఆర్టికల్‌ని ఎన్ని రోజులు దాచి ఉంచుతారన్నది. పెద్ద ప్రొవైడర్లు 5,000 రోజులకి పైనే అంటారు. అది ఆకర్షణీయమైన అంకే గానీ అన్ని ఆర్టికల్స్‌కీ వర్తిస్తుందని నమ్మేయకూడదు. ఫిర్యాదులొచ్చినవి తీసేస్తారు, ఎవరూ అడగనివాటిని దాచడానికి కొందరు పెద్దగా ఇష్టపడరు. నెల వయసున్న పోస్టులు ఎంత పూర్తిగా వస్తున్నాయన్నదే రోజువారీ వాడకానికి ముఖ్యం.

దానికంటే ముఖ్యమైనది ప్రకటనల్లో కనపడని సంగతి ఒకటుంది, బ్యాక్‌బోన్. మార్కెట్లో కనిపించే పేర్లు ఎన్నో ఉన్నా సొంతంగా ఆర్టికల్స్ దాచే సంస్థలు కొన్నే, మిగతావాళ్లు వాటి దగ్గర తీసుకుని తమ పేరుతో అమ్ముతారు. ఒక పేరు దగ్గర ఆర్టికల్ లేదని అదే బ్యాక్‌బోన్ వాడే ఇంకో పేరు దగ్గర అకౌంట్ కొంటే అక్కడా అదే లోటుంటుంది, డబ్బు దండగ. రెండోది తీసుకుంటే వేరే బ్యాక్‌బోన్‌ది తీసుకోవాలి, వీలైతే వేరే దేశపు నియమాల కింద నడిచేది. అమెరికాలో ఉన్నవి డీఎంసీఏ అనే కాపీరైట్ చట్టం ప్రకారం తీసేస్తాయి, నెదర్లాండ్స్‌లో ఉన్నవి ఎన్‌టీడీ అనే, నోటీసొస్తే తీసేసే పద్ధతి పాటిస్తాయి, కాబట్టి ఒకే ఆర్టికల్ రెండు చోట్లా ఒకేసారి మాయం కాకపోవచ్చు.

అకౌంట్లలో నెలవారీ అన్‌లిమిటెడ్ ఉంటుంది, బ్లాక్ ఉంటుంది. బ్లాక్ అంటే ఇన్ని జీబీలని ఒకేసారి కొనుక్కోవడం, చాలాచోట్ల దానికి గడువుండదు. కొత్తవాళ్లకి సరైనది ఒక చిన్న బ్లాకే. ఏడాది ప్లాన్ మీద డిస్కౌంట్ చూసి ఎగబడితే, నెలలో సరదా తీరిపోయాక మిగతా పదకొండు నెలలూ ఊరికే పోతాయి. అన్‌లిమిటెడ్ తర్వాత తీసుకున్నా బ్లాక్ వృథా కాదు, ముక్కలు తక్కువైనప్పుడు పూడ్చే రెండో సర్వర్‌గా అది సంవత్సరాలు పనికొస్తుంది.

సెటప్

ఇది తేలిక. డౌన్‌లోడర్లలో ఉచితంగా దొరికేవి, బాగా వాడుకలో ఉన్నవి రెండు: ఎస్‌ఏబీఎన్‌జెడ్‌బీడీ, ఎన్‌జెడ్‌బీగెట్. రెండూ బ్రౌజర్‌లో పేజీలా తెరుచుకుంటాయి. మొదటిది మాటలతో నడిపించుకుంటూ వెళ్తుంది కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అదే నయం. చిన్న, బలహీనమైన మెషీన్ మీద నడపాలంటే రెండోది. సర్వర్ అడ్రస్, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి, ఎస్ఎస్ఎల్ ఆన్ చేసి పోర్టు 563 పెట్టండి. పాత 119 పోర్టులో అంతా బట్టబయలుగా పోతుంది, పాస్‌వర్డ్‌తో సహా. ఎస్ఎస్ఎల్ ఉంటే మీరు దించుతున్నదేంటో నెట్ కంపెనీకి కనపడదు. అంతమాత్రాన మీరెవరో ఎవరికీ తెలియదని కాదు, ప్రొవైడర్ దగ్గర మీ అకౌంటూ చెల్లింపు వివరాలూ ఉంటాయి. టొరెంట్‌తో పోలిస్తే ఉన్న అసలు తేడా ఏంటంటే, ఇక్కడ మీ ఐపీ అడ్రస్ ఇతర వాడకందార్లకి కనపడదు, దించుకున్నది తిరిగి పంచాల్సిన పనీ లేదు.

సర్వర్‌తో ఒకేసారి తెరిచే కనెక్షన్ల సంఖ్య దగ్గర జనం అత్యాశకి పోతారు. అకౌంట్ 50 ఇస్తుంది కదాని 50 పెట్టక్కర్లేదు. 8 తో మొదలుపెట్టి, స్పీడు పెరుగుతున్నంతవరకు పెంచి, ఆగినచోట వదిలేయండి. ఒకే అకౌంట్‌ని రెండు కంప్యూటర్లలో వాడితే రెండిటి కనెక్షన్లూ కలిపి లెక్కేస్తారు, పరిమితి దాటితే సర్వర్ తలుపు మూసేస్తుంది. డిస్కులో మాత్రం దించే ఫైలుకి రెట్టింపు ఖాళీ ఉంచండి, రార్‌లూ వాటిలోంచి విప్పిన ఫైలూ కాసేపు పక్కపక్కనే ఉంటాయి.

పరీక్షించడానికి ఇండెక్సర్ కూడా అక్కర్లేదు. సొంత ఫైలు ఒకటి, ఎవరు చూసినా ఫరవాలేనిది, ఎందుకంటే అది సర్వర్లలో ఏళ్ల తరబడి పడుంటుంది, తీసుకుని ఎన్‌జీపోస్ట్ లాంటి ప్రోగ్రామ్‌తో ఆల్ట్.బైనరీస్.టెస్ట్ గ్రూపులో పోస్టు చేయండి. పోస్టు చేసినప్పుడే ఎన్‌జెడ్‌బీ తయారై చేతికొస్తుంది. దాన్ని డౌన్‌లోడర్‌లో వేసినప్పుడు ఫైలు చక్కగా వచ్చిందంటే మీ సెట్టింగులు సరే, ఇకమీదట ఏది రాకపోయినా తప్పు పోస్టులో వెతకాలి, సెట్టింగులని కెలకక్కర్లేదు. పైగా ముక్కలు చేయడం, పార్2 తయారుచేయడం కళ్లారా చూస్తారు.

రానప్పుడు

సర్వర్ దగ్గర ఆర్టికల్ లేకపోతే 430 అనే కోడ్ వస్తుంది. ఎన్ని వచ్చాయి, ఏ పోస్టుకి వచ్చాయి అన్నదాన్నిబట్టి కారణం తెలుస్తుంది. వయసు తక్కువున్న పోస్టులో దాదాపు అన్ని ముక్కలకీ 430 వస్తే దాన్ని తీసేయించారని అర్థం, మళ్లీ మళ్లీ ప్రయత్నించడం వృథా, వేరే పోస్టు చూసుకోవాలి. అక్కడో ఇక్కడో కొన్ని పోతే పార్2 చూసుకుంటుంది, చాలకపోతే వేరే బ్యాక్‌బోన్ మీదున్న బ్లాక్ అకౌంట్ ఆ కొన్ని ముక్కల్నీ తెస్తుంది. ఇందుకే రెండో సర్వర్‌కి ప్రాధాన్యత తక్కువగా పెట్టమనేది, మొదటిదాంట్లో లేనివి మాత్రమే దాన్ని అడగాలి. ఇప్పుడే పోస్టయిన ఫైలులో చివరి ముక్కలు లేకపోతే అవింకా దారిలో ఉండి ఉండొచ్చు, ఒకట్రెండు గంటలాగి చూడండి. రిటెన్షన్ అంచున ఉన్న పాత పోస్టులో చెల్లాచెదురుగా సగం పోతే చేయగలిగిందేమీ లేదు.

అన్నీ వచ్చి, రిపేర్ కూడా అయి, రార్ పాస్‌వర్డ్ అడిగితే? ఎన్‌జెడ్‌బీలోనో ఇండెక్సర్ పేజీలోనో పాస్‌వర్డ్ రాసి ఉంటే సరే, అది మామూలే. ఏదో సైట్‌కి వెళ్లి సర్వే నింపితే పాస్‌వర్డ్ ఇస్తామని టెక్స్ట్ ఫైలుంటే అది మోసం, తీసేయండి. వీడియో అనుకున్నదాంట్లో "ఈ ప్లేయర్ ఇన్‌స్టాల్ చేసుకోండి" అంటూ ఒక ఈఎక్స్ఈ ఫైలున్నా అంతే, దాని మీద క్లిక్ చేయకూడదు. ఎస్‌ఏబీఎన్‌జెడ్‌బీడీలో పాస్‌వర్డ్ ఉన్న రార్ కనపడగానే ఆపేయమనీ, ఫలానా రకం ఫైళ్లుంటే డౌన్‌లోడ్ రద్దుచేయమనీ సెట్టింగులున్నాయి. మొదటిరోజే ఆన్ చేసుకోవాలి.

ఇంకో రకం కూడా ఉంది, అది చూసి ఫెయిలైందనుకుని తీసేసేవాళ్లున్నారు. అంతా ఆకుపచ్చగా పూర్తవుతుంది, ఫోల్డర్ తెరిస్తే అందులో ముప్పై అర్థంలేని అక్షరాల పేరుతో ఒక పెద్ద ఫైలుంటుంది, చివర ఏ రకం ఫైలో చెప్పే మూడక్షరాలు కూడా ఉండవు. సబ్జెక్ట్ లైన్‌ని దాచినట్టే పోస్టు చేసినవాళ్లు ఫైలు పేరునీ దాచారంతే. పార్2 ఫైళ్లు అసలు పేర్లతో తయారై ఉంటే, డౌన్‌లోడర్ చెక్‌సమ్ పోల్చి పేరు తిరిగి పెట్టేస్తుంది. పార్2 కూడా దాచిన పేర్లతోనే తయారై ఉంటే ఎస్‌ఏబీఎన్‌జెడ్‌బీడీలో చివరి ఫైళ్ల పేర్లు సరిచేసే సెట్టింగ్ ఆన్ చేయాలి, అది ఎన్‌జెడ్‌బీ పేరునే ఫైలుకి పెడుతుంది. ఎన్‌జెడ్‌బీ పేరు కూడా అర్థంలేనిదే అయితే పేరు చేత్తో మార్చుకోవడమే.